బోరు నీళ్ల నుంచి నల్లమల దాకా: పిల్లల తెలివిని ఎక్కడ కొలవాలి?

ఫిబ్రవరి చివర నల్లగొండ, పాలమూరు తిరగడానికి మంచి కాలం. ఎండ ఇంకా ముదరదు. చేల గట్ల మీద మోదుగు చెట్లు ఆకు రాల్చి ఎర్రగా పూసి ఉంటాయి. పల్లీలు మార్కెట్‌కు వస్తుంటాయి. నేను హైదరాబాద్‌లో డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెప్తాను. మా శాస్త్రాన్ని కొన్నేళ్లుగా ఒక ప్రశ్న వదలడం లేదు: ఒక చోట కొందరి మీద చేసిన పరీక్ష ఇంకో చోట ఇంకొందరి గురించి నిజం చెప్తుందా? పేరున్న సైకాలజీ పత్రికల అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లేనని, ఆ దేశాల్లో ఉండేది ప్రపంచ జనాభాలో 12 శాతమేనని జోసెఫ్ హెన్రిక్, స్టీవెన్ హైన్, అరా నోరెంజయాన్ 2010లో ఎత్తి చూపారు. ఆ మాట క్లాసులో చెప్పడం తేలికే. మన పిల్లల మధ్య కూర్చుని ఆలోచించాలని నాకు చాలా రోజులుగా ఉంది. సెలవు పెట్టి బస్సెక్కాను.

సోమవారం, మర్రిగూడ

సాగర్ రోడ్డు మీద మాల్ అనే ఊరి దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఈ ప్రాంతం పేరు చెప్పగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఫ్లోరైడ్. నేల కింద గ్రానైట్ రాయి. అందులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు కలిసి ఉంటాయి. వానలు తక్కువ, చెరువులు ఎండాయి, బోర్లు లోతుకు దిగాయి. రాయిని ఒరుసుకుంటూ ఏళ్ల తరబడి నిలిచిన నీళ్లను జనం తాగారు. అలా పళ్లకు, ఎముకలకు పట్టే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. కానీ నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మాత్రం నల్లగొండ పేరే పడింది. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తేర్చే ఆ పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ తయారు చేసింది. ప్రపంచంలో ఎక్కడ ఫ్లోరైడ్ గురించి చదివినా ‘నల్లగొండ టెక్నిక్’ అని కనిపిస్తుంది.

నాకు తెలిసిన లెక్కల సారు ఇక్కడి ఒక ప్రభుత్వ పాఠశాలలో పని చేస్తారు. ఆయనదీ ఈ మండలమే. నవ్వినప్పుడు ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ఐదో తరగతి పిల్లలను వరుసగా నిలబెట్టి, “ఒకసారి నవ్వుండ్రి” అన్నారు. పిల్లలు పళ్లన్నీ బయటపెట్టి ఇకిలించారు. ఒకరిద్దరికి తప్ప అందరికీ తెల్లటి పళ్లు. “వీళ్లు కృష్ణా నీళ్లు తాగిన పిల్లలు మేడమ్” అన్నారాయన. 2016లో మొదలైన మిషన్ భగీరథ నీళ్లు ఇక్కడి నల్లాల్లోకి వచ్చాక పెరిగినవాళ్లు. బడి గోడ అవతల అరుగు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మెడ తిప్పలేడు. మనిషిని చూడాలంటే ఒళ్లంతా తిప్పాలి. రెండు తరాల మధ్య తేడా ఇంత స్పష్టంగా కంటికి కనిపించే చోటు ఇంకొకటి నాకు తెలియదు.

ఎముకలు, పళ్లు సరే. తెలివి సంగతేమిటి? నేను వచ్చింది దాని కోసమే. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు తాగే పిల్లల్లో ఐక్యూ తక్కువగా ఉంటోందని, ఈ మాట మీద తమకు ఓ మోస్తరు నమ్మకం ఉందని అమెరికా ప్రభుత్వ నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ 2024 ఆగస్టులో ప్రకటించింది. వాళ్లు మెరుగైనవిగా ఎంచిన 19 అధ్యయనాల్లో 18 అదే వైపు చూపించాయి. అమెరికా నల్లాల్లో పళ్ల కోసం కలిపే 0.7 మిల్లీగ్రాముల గురించి మాత్రం చెప్పడానికి ఆధారాలు చాలవన్నారు. 2025 జనవరిలో జామా పీడియాట్రిక్స్ పత్రికలో 74 అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష వచ్చింది. అదీ అటే మొగ్గింది. కానీ ఆ అధ్యయనాల్లో ఎక్కువ భాగం నాణ్యతలో బలహీనమైనవని ఆ రచయితలే రాశారు. న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో పుట్టినప్పటి నుంచి వెంబడించిన పిల్లల్లో, ఫ్లోరైడ్ కలిపిన నీళ్లు తాగినవాళ్లకూ తాగనివాళ్లకూ ఐక్యూలో తేడా లేదని 2015లో తేలింది. అయితే అక్కడ కలిపే మోతాదు తక్కువ. దాన్ని మన బోరు నీళ్లకు జవాబుగా తీసుకోలేం.

అమెరికాలో ఈ గొడవ కోర్టుల దాకా వెళ్లింది. అక్కడివాళ్లు తలలు పట్టుకున్న 1.5 గీత ఇక్కడ ఏనాడో దాటిపోయింది. అయినా ఇక్కడి పిల్లల గురించి ఒక్క అంకె చూసి తేల్చడం అన్యాయమని నాకు గట్టిగా అనిపిస్తుంది. కీళ్ల నొప్పితో బడి మానిన పిల్ల, నీళ్ల కోసం పొద్దున్నే బిందె మోసిన పిల్ల, ఇంట్లో పెద్దవాళ్లు మంచాన పడితే పనికి పోయిన పిల్ల – పరీక్షలో వీళ్లందరికీ మార్కు తగ్గుతుంది. ఆ తగ్గినదాంట్లో ఫ్లోరైడ్ మెదడు మీద చేసిన పని ఎంత, పేదరికం చేసింది ఎంత?

ఇది విడదీయడానికి మర్రిగూడ లాంటి చోటు కంటే మంచిది దొరకదు. ఒకే ఇంట్లో అక్క బోరు నీళ్లు తాగి పెరిగింది, తమ్ముడు నల్లా నీళ్లు తాగి పెరుగుతున్నాడు. తల్లిదండ్రులు వాళ్లే, ఇల్లు అదే, బడి అదే. అక్కాతమ్ముళ్లను ఒక్కొక్కరినీ వాళ్ల వయసువాళ్లతో పోల్చి కొలిస్తే సగం ప్రశ్నకు జవాబు వస్తుంది. మిగతా సగం కోసం ఫ్లోరైడ్ ఎప్పుడూ లేని పక్క మండలంలోనూ అక్కాతమ్ముళ్లను కొలవాలి. ఎందుకంటే మొదట పుట్టినవాళ్లకు ఐక్యూ కొద్దిగా ఎక్కువ రావడం మామూలే. నార్వేలో సైన్యంలో చేరే రెండు లక్షలకు పైగా యువకుల లెక్కలు తీసి 2007లో ఆ సంగతి చూపించారు. రెండు చోట్ల తేడాను పక్కపక్కన పెడితే నీళ్ల వాటా ఎంతో తెలుస్తుంది. సారుకు ఇదంతా చెప్తే చాక్‌పీస్ తీసుకుని బోర్డు మీద గళ్లు గీశారు. రెండు ఊళ్లు, అక్క, తమ్ముడు. కాసేపు చూసి, “మరి ఎవరూ ఎందుకు చెయ్యలేదు మేడమ్?” అని అడిగారు. అక్క వయసువాళ్లు ఇప్పుడు ఇంటర్‌లో, డిగ్రీలో ఉన్నారు. ఇంకొన్నేళ్లకు పెళ్లిళ్లయి, ఉద్యోగాలకు చెదిరిపోతారు. తొందరగా చెయ్యాల్సిన పని ఇది.

మంగళవారం, దేవరకొండ దారి

పొద్దున్నే మల్లేపల్లి మీదుగా దేవరకొండ. పల్లెవెలుగు బస్సు నిండా ఆడవాళ్లే. జీరో టికెట్ వచ్చిన దగ్గర్నుంచి ఈ రూట్లలో అంతేనట. దేవరకొండ గుట్ట మీది కోటను కింద నుంచే చూసి, కల్వకుర్తి వైపు పోయే బస్సు పట్టుకున్నాను. డిండి దగ్గర ఒకామె మోదుగాకుల మూటతో ఎక్కి నా పక్కన కూర్చుంది. ఇస్తర్లు కుడుతుందట. ఎన్ని కుడితే అన్ని పైసలు. “షావుకారి బాకీ మీద పానం ఉన్ననాడు పుల్ల యాడ గుచ్చుతున్ననో తెల్వది అక్కా. ఇప్పి మళ్ల కుట్టుడే” అంది.

ఆమెకు తెలియకుండానే ఈ మధ్య వచ్చిన ఒక అధ్యయనాన్ని చెప్పేసింది. ఒడిశాలో విస్తరాకులు కుట్టే కూలీలతో సుప్రీత్ కౌర్, సెంధిల్ ముల్లైనాథన్, సుఆనా ఓ, ఫ్రాంక్ షిల్‌బాక్ చేసిన పని అది. పని లేని కాలంలో, చేతిలో డబ్బు ఆడనప్పుడు, కొందరికి రావాల్సిన కూలీలో పెద్ద భాగం ముందుగా ఇచ్చారు, కొందరికి చివర్లో ఇచ్చారు. ఎవరికి ముందన్నది చీటీ తీసినట్టు నిర్ణయించారు. మొత్తం కూలీ ఇద్దరికీ ఒకటే. డబ్బు ముందు చేతికొచ్చినవాళ్లు బాకీలు తీర్చుకున్నారు, దాదాపు 7 శాతం ఎక్కువ విస్తర్లు కుట్టారు, తప్పులూ తగ్గాయి. ఎక్కువ పేదవాళ్లలోనే ఈ తేడా ఎక్కువ కనిపించింది.

దీనికి ముందు 2013లో తమిళనాడు చెరకు రైతుల మీద ఒక ప్రసిద్ధ అధ్యయనం వచ్చింది. అదే రైతు కోతకు ముందు డబ్బు లేనప్పుడు తెలివి పరీక్షలో వెనకబడి, కోత తర్వాత మెరుగయ్యాడని చెప్పింది. ఆ వరుసలో ఇతరులు చేసిన చాలా ప్రయోగాలు తిరిగి చేసినప్పుడు నిలబడలేదు. అందుకే ఒడిశా పని నాకు విలువైనదిగా అనిపిస్తుంది. కాగితం మీద బొమ్మల పజిల్ ఇవ్వకుండా, ఆ మనిషి రోజూ చేసే పనిలోనే ఆమె ధ్యాసను కొలిచారు. విస్తరిలో ఎన్ని ఆకులు పడ్డాయి, పుల్లలు ఎక్కడ గుచ్చారు, ఏది విప్పి మళ్లీ కుట్టాల్సి వచ్చింది – మనసు ఎక్కడుందో అక్కడే కనిపిస్తుంది. జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్ చేరేసరికి సాయంత్రమైంది.

బుధవారం, దేవరకద్ర అంగడి

దేవరకద్రలో బుధవారం ఉల్లిగడ్డ వేలం. పొద్దున తొమ్మిదికల్లా యార్డులో కుప్పలు పోసి ఉన్నాయి. దళారులు, చిల్లర వ్యాపారులు, పెళ్లికి కొనుక్కునేవాళ్లు కుప్ప చుట్టూ గుమిగూడుతున్నారు. గడ్డ చేతిలోకి తీసుకుని పొట్టు నలిపి చూస్తారు. మెడ దగ్గర వేలితో నొక్కి ఆరిందో లేదో చెప్తారు. పాట నడుస్తుంటే మధ్యలో మాట్లాడడానికి లేదు. యార్డు బయట రోడ్డు పక్కన కూరగాయల అంగడి. ఇంకో పక్క పశువుల సంత.

ఒక తల్లి, ఎనిమిదో తరగతి చదివే కొడుకు గోనె పట్టా పరిచి కూర్చున్నారు. అంగడి నాడు బడికి పోడట. ఉల్లిగడ్డ కిలో 26 అన్నాడు. రెండున్నర కిలోలు తూయమన్నాను. టమాట కిలో 18, కిలోన్నర. పచ్చిమిర్చి కిలో 80, పావుకిలో. తూకం రాయి పళ్లెంలో పడేలోపు “నూట పన్నెండు” అన్నాడు. 200 నోటు ఇచ్చాను. నోటు తీసుకోకుండా చెయ్యి చాపాడు. “పన్నెండు చిల్లర ఉంటే ఇయ్యుండ్రి, నూరు ఇస్తా.” 88 రూపాయలు ఏరి ఇచ్చే బదులు 12 తీసుకుని ఒక్క నోటు ఇచ్చే ఉపాయం అది. పద్దు ఎక్కడా లేదు, వేళ్లు మడవలేదు. ఎలా కట్టావని అడిగితే, “రెండు కిలోలు యాభై రెండు, అరకిలో పదమూడు” అని మొదలుపెట్టి, మధ్యలో ఇంకొకామెకు బెండకాయలు తూచి, మళ్లీ నా లెక్క దగ్గరికి వచ్చాడు.

తర్వాత నా నోట్‌బుక్‌లో 26 × 2.5 అని రాసి ఇచ్చాను. పెన్ను పట్టుకున్న చేతి తీరే మారింది. నొసలు ముడిపడింది. 26 కింద 25 వేసి, వరుసలు పేర్చి, 650 రాశాడు. చుక్క ఎక్కడ పెట్టాలో తెలియక నా ముఖం చూశాడు. అదే లెక్క కాసేపటి కింద అరవై అయిదు అని నోటితో చెప్పినవాడు!

ఈ దృశ్యాన్ని చాలా పెద్ద ఎత్తున కొలిచిన అధ్యయనం 2025 ఫిబ్రవరిలో నేచర్ పత్రికలో వచ్చింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో, మనస్తత్వ శాస్త్రవేత్త ఎలిజబెత్ స్పెల్కీ, వాళ్ల సహచరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే 1,400 మందికి పైగా పిల్లలను చూశారు. కొనేవాళ్లలా వెళ్లి, 800 గ్రాముల ఆలుగడ్డ కిలో 20 చొప్పున, కిలో 400 గ్రాముల ఉల్లిగడ్డ కిలో 15 చొప్పున అడిగారు. ఎవరూ కంఠస్థం చేసి ఉండని తూకాలు అవి. 37 రూపాయలు, 200కు తిరిగి 163 అని దాదాపు పిల్లలందరూ సరిగ్గా చెప్పారు. అదే పిల్లలకు బడి లెక్కలు ఇస్తే తడబడ్డారు. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమంటే కోల్‌కతా పిల్లల్లో మూడో వంతు మంది కూడా చెయ్యలేకపోయారు. ఢిల్లీ బడుల పిల్లలను తీసుకుంటే కథ తిరగబడింది. కాగితం లెక్కల్లో వాళ్లు ముందున్నారు. అంగడి లెక్క ఇస్తే కాగితం, పెన్సిల్ ఉన్నా వెనకబడ్డారు.

ఇలాంటిదే 1985లో బ్రెజిల్‌లోని రెసిఫేలో చూశారు. వీధుల్లో అమ్ముకునే పిల్లలు బేరంలో 98 శాతం లెక్కలు సరిగ్గా చేశారు, అవే అంకెలు కాగితం మీద ఇస్తే 37 శాతమే. అప్పుడు చూసింది ఐదుగురు పిల్లలనే. ఇప్పుడు వెయ్యికి పైగా పిల్లలతో, మన దేశంలోనే, అది గట్టిపడింది.

నాకు ఇందులో బాధ కలిగించేది ఒకటుంది. ఈ పిల్లవాడి సారుకు కనిపించేది ఆ 650 మాత్రమే. ప్రోగ్రెస్ కార్డులో లెక్కల గడిలో ఎర్ర సిరా పడుతుంది. బుధవారాల గైర్హాజరు దానికి కారణమని రాస్తారు. నూట పన్నెండు, పన్నెండు చిల్లర, నూరు నోటు ఆ బడిలో ఎవరికీ తెలియదు. ఇంట్లోనూ దాన్ని చదువుగా లెక్కపెట్టరు. “వానికి చదువు రాదు మేడమ్, బేరం మంచిగ చేస్తడు” అంది తల్లి కొడుకు ముందే. పిల్లవాడు తలెత్తలేదు. వాడు ఇప్పుడు చేసిందంతా బడిలో చెప్పే లెక్కే అని ఆమెకు చెప్పాను. నోట్‌బుక్‌లో 26, దాని పక్కన మళ్లీ 26, దాని పక్కన 13 రాసి, “నువ్వు చేసింది ఇదే కదా?” అని వాణ్ని అడిగాను. ఒంగి చూశాడు. “ఇట్ల రాస్తే సారు ఒప్పుకుంటరా?” అన్నాడు. ఒప్పుకోవాలి. ఒప్పుకునే పాఠ్యపుస్తకం రాయాలి. ఆ అధ్యయనం చేసినవాళ్లు చివరికి అడిగిందీ అదే: పిల్లలు బడి బయట నేర్చిన లెక్కనూ లోపల నేర్చే లెక్కనూ కలిపే చదువు కావాలని.

గురువారం, కోస్గి వైపు

మహబూబ్‌నగర్ నుంచి కోస్గి, మద్దూరు వైపు వెళ్తే ఈ నెలలో చాలా ఇళ్లకు తాళాలు కనిపిస్తాయి. దీపావళి వెళ్లాక ముంబై, పుణె, హైదరాబాద్ పోయినవాళ్లు వానల ముందు దాకా తిరిగిరారు. పాలమూరు లేబర్ అన్న పేరు ఒక తరంలో వచ్చింది కాదు. దేశంలో ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసింది ఈ జిల్లా మనుషులే. గుంపు మేస్త్రీలు అడ్వాన్స్ ఇచ్చి జట్లుగా తీసుకుపోయేవాళ్లు. పోయేటప్పుడు పిల్లలను అవ్వల దగ్గర వదిలిపోతారు.

ఒక అవ్వ ఇంట్లో మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. మనవడికి ఆరేళ్లు. “ఉగాదికి వస్తమన్నరు మీ అమ్మనాయన” అని ఆమె అంటే వాడు వెంటనే, “పోయిన ఉగాదికి గూడ వస్తమన్నరు” అన్నాడు. అవ్వ మాట మార్చి, చేటలో పల్లీలు ఒలవడం మొదలుపెట్టింది.

వాణ్ని చూస్తుంటే మా పాఠ్యపుస్తకాల్లో తప్పకుండా ఉండే ఒక ప్రయోగం గుర్తొచ్చింది. వాల్టర్ మిషెల్ స్టాన్‌ఫర్డ్ నర్సరీ బడిలో 1960ల చివర, 70ల మొదట్లో చేసింది. పిల్లవాడి ముందు మార్ష్‌మాలో అనే మెత్తటి మిఠాయి లాంటిది ఒకటి పెడతారు. నేను వచ్చేదాకా తినకుండా ఉంటే రెండు ఇస్తానని పెద్దవాళ్లు బయటికి వెళ్తారు. ఎక్కువసేపు ఓపిక పట్టిన పిల్లలు పెద్దయ్యాక పరీక్షల్లో మంచి మార్కులు తెచ్చుకున్నారని 1990లో రాశారు. అక్కడి నుంచి అది పిల్లల పెంపకం ఉపన్యాసాలన్నింటిలోకి ఎక్కింది. ఓర్పు ఉన్నవాడే పైకొస్తాడని తల్లిదండ్రుల సమావేశాల్లో ఇప్పటికీ చెప్తారు.

2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హావోనాన్ క్వాన్ 900 మందికి పైగా పిల్లల లెక్కలు తీసుకుని మళ్లీ చూశారు. ఈసారి తల్లులకు డిగ్రీ లేని ఇళ్ల పిల్లలూ చాలామంది ఉన్నారు. సంబంధం ఉంది, కానీ పాతదానిలో సగమే. ఇంటి పరిస్థితులు, చిన్నప్పటి తెలివి లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండు వంతులు కరిగిపోయింది. 2024లో జెసికా స్పెర్బర్, ఆమె సహచరులు అలాంటి పిల్లలను 26 ఏళ్ల వయసులో చూశారు. పెద్దయ్యాక ఎలా ఉంటారన్నది ఆ పరీక్ష నమ్మకంగా చెప్పలేదని తేలింది.

ఒక పాత ప్రయోగాన్ని ఇలా మళ్లీ చేసి చూడడం ఇప్పుడు మా శాస్త్రంలో మామూలైంది. 2015లో బ్రయాన్ నోసెక్ కూడగట్టిన పరిశోధకులు వంద అధ్యయనాలను తిరిగి చేస్తే, 36 శాతమే మునుపటిలా గణాంకపరంగా గట్టి ఫలితం ఇచ్చాయి. ఆ దెబ్బకు పద్ధతులు మారాయి. ఏం కొలవబోతున్నామో ముందే రాసి నమోదు చేస్తున్నారు, డేటా అందరికీ తెరిచి పెడుతున్నారు. తన తప్పును తానే వెతుక్కునే ధైర్యం ఉన్న శాస్త్రాన్ని బోధిస్తున్నందుకు నాకు గర్వంగానే ఉంటుంది.

అవ్వ ఇంట్లో నాకు గుర్తొచ్చింది మాత్రం 2013లో సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు రోచెస్టర్‌లో చేసిన చిన్న ప్రయోగం. మిఠాయి పెట్టే ముందు పిల్లలకు మంచి బొమ్మల రంగులు తెస్తామని మాట ఇచ్చారు. సగం మందికి తెచ్చారు. సగం మందికి లేవని చేతులు ఊపుకుంటూ వచ్చారు. తర్వాత మిఠాయి పరీక్ష. మాట నిలబెట్టుకున్న గుంపులో 14 మందిలో 9 మంది పావుగంటా ఆగారు. మాట తప్పిన గుంపులో ఒక్కరే. ఆగకపోవడం అక్కడ తెలివైన పనే. పోయిన ఉగాది కూడా లెక్కలో పెట్టుకున్న ఈ ఆరేళ్లవాడికి ఓర్పు తక్కువని ఏ ముఖం పెట్టుకుని రాయగలం?

మధ్యాహ్నం వాడితోపాటు బడికి వెళ్లాను. ఆ రోజు భోజనంలో గుడ్డు ఉంది. వరుసలో కూర్చున్న పిల్లలు అందరికీ వడ్డించేదాకా ఎవరూ ముద్ద ముట్టలేదు. ఎవరూ గదమాయించాల్సిన పని కూడా లేదు. కామెరూన్‌లోని న్సో రైతు కుటుంబాల పిల్లల్లో 70 శాతం దాకా రెండో మిఠాయి కోసం ఆగారని, జర్మనీ పిల్లల్లో 28 శాతమే ఆగారని 2018లో వచ్చింది. జపాన్ పిల్లలు తిండి కోసం ఎక్కువసేపు ఆగుతారని, అమెరికా పిల్లలు కట్టిపెట్టిన బహుమతి విప్పడానికి ఎక్కువసేపు ఆగుతారని 2022లో వచ్చింది. దేని కోసం ఆగడం అలవాటైతే దాని కోసం ఆగుతారు.

వాడు అన్నం తిన్నాడు. గుడ్డును మాత్రం సగం చేసి, ఒక సగం తిని, రెండో సగాన్ని పాత పేపరు ముక్కలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో మూడేళ్ల చెల్లె ఉంది. బడి వదిలేదాకా ఇంకా మూడు గంటలు. రెండుసార్లు జేబు తడిమి చూసుకున్నాడు, తీయలేదు.

శుక్రవారం, మన్ననూరు

అచ్చంపేట దాటి శ్రీశైలం రోడ్డు ఎక్కితే గాలి మారుతుంది. మన్ననూరు అమ్రాబాద్ పులుల అడవికి వాకిలి. లోపలి పెంటలకు, అంటే చెంచుల గూడేలకు, పోవాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. నేను రోడ్డు పక్కనున్న చెంచు కాలనీ దగ్గరే ఆగాను. ఇక్కడ పనిచేసే ఒక టీచరమ్మ తోడు వచ్చింది.

చింతచెట్టు కింద మట్టిలో పుల్లతో రెండు సమానమైన గీతలు గీశాను. ఒక గీత చివర్లకు బాణం ములుకులు బయటికి చూసేలా, ఇంకోదానికి తిరగేసి. ఏది పొడుగు? తిరగేసిన ములుకులదని పిల్లలంతా ఒక్కసారే అరిచారు. మా క్లాసులో పిల్లలు కూడా అదే చెప్తారు. 1960లలో సెగాల్, క్యాంప్‌బెల్, హెర్స్కొవిట్స్ చాలా సమాజాల్లో ఈ బొమ్మ చూపించి, కలహారి ఎడారి వేటగాళ్లు దీనికి దాదాపు మోసపోలేదని రాశారు. మూలలున్న గదుల్లో పెరిగినవాళ్ల కళ్లే మోసపోతాయన్న వివరణ అప్పటి నుంచి పాతుకుపోయింది. 2025లో డోర్సా అమీర్, చాజ్ ఫైర్‌స్టోన్ దాన్ని గట్టిగా ఖండించారు. చేపలు, పక్షులు కూడా ఈ బొమ్మకు మోసపోతాయని ఆధారాలు పోగుచేశారు. వాళ్ల ఆధారాల్లో మన దేశపు పిల్లలూ ఉన్నారు. పవన్ సిన్హా మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ప్రకాశ్‌లో పుట్టు శుక్లాలు తీయించుకున్న తొమ్మిది మంది పిల్లలు, చూపు వచ్చీ రాగానే ఈ గీతల దగ్గర మోసపోయారని 2015లో తేలింది. వాళ్లు గదుల మూలలు కళ్లతో చూసి ఎరగరు.

మనుషులంతా ఒకటే చూస్తారని దీంతో తేల్చేయడానికీ లేదు. ఇవాన్ క్రూపిన్, ఆయన సహచరులు నమీబియాలోని హింబా పల్లెవాళ్లకు నిలువు, అడ్డ గీతలతో నిండిన ఒక బొమ్మ చూపించారు. అమెరికా, బ్రిటన్‌వాళ్లకు ముందు పెట్టెలు కనిపిస్తే, హింబావాళ్లలో చాలామందికి ముందు గుండ్రాలు కనిపించాయి. ఫోన్‌లో ఆ బొమ్మ ఇక్కడి పిల్లలకు చూపిస్తే కొందరు గుండ్రాలన్నారు, కొందరు తలుపులన్నారు. ఇది ప్రయోగం అనిపించుకోదు. ఒకరు చెప్పింది విని ఇంకొకరు చెప్తారు. అయినా రెండు వైపులా పరిశోధన ఇంత వేడిగా ఉన్న కాలంలో బతుకుతున్నందుకు నాకు ఉత్సాహంగా ఉంది.

తేనె కోసం కొండచరియల మీద తాడు పట్టుకుని దిగే ఒక పెద్దాయన మా ఆట చూస్తూ నిలబడ్డాడు. దగ్గరికి వచ్చి పుల్లతో రెండు గీతలూ కొలిచాడు. సమానంగా ఉన్నాయని నవ్వాడు. తర్వాత అడిగాడు: “మా పిల్లగాండ్లు ఏం చెప్పిన్రో రాసుకపోయి ఎవరికి జూపిస్తరమ్మా? మాకేం జెప్తరు?”

నేను ఏమీ రాసుకోలేదని చెప్పాను. కానీ ఆయన అడిగింది నా ఒక్కదాని గురించి కాదు. ఎందరో వచ్చి అడిగి, ఫొటోలు తీసుకుని పోయారు. దక్షిణాఫ్రికాలోని సాన్ ప్రజలు, అంటే ఆ కలహారి వేటగాళ్ల వంశంవాళ్లే, 2017లో తమ దగ్గరికి వచ్చే పరిశోధకులకు తామే ఒక నియమావళి రాసి ప్రకటించారని ఆయనకు చెప్పాను. గౌరవం, నిజాయితీ, న్యాయం, మనిషి పట్ల శ్రద్ధ, తాము పెట్టిన పద్ధతి పాటించడం. ఇవి లేకుండా తమ ఊళ్లలోకి రావద్దని దాని సారం. అది వినగానే ఆయన కింద కూర్చున్నాడు. ఇంకో ఇద్దరు ఆడవాళ్లను పిలిచాడు. మీరైతే ఏం రాస్తారని టీచరమ్మ అడిగి, హాజరు పుస్తకం వెనక పేజీ తెరిచింది.

పిల్లలను అడిగే ముందు తల్లిని అడగాలని ఒకామె అంది. ఫొటో తీస్తే కాగితం మీద అచ్చు వేసి తెచ్చియ్యాలని ఇంకొకామె. తేలింది ఏందో మళ్లీ వచ్చి మాకు అర్థమయ్యేటట్టు చెప్పాలన్నది ముగ్గురూ కలిసి చెప్పారు. టీచరమ్మ రాస్తూ పోయింది. చివర్లో పెద్దాయన ఇంకొకటి చేర్చమన్నాడు: తేనె పట్టే కాలంలో రావద్దు, ఇంట్ల ఎవరం ఉండం.